మిరపకాయ గుర్తు గ్లాసులు

మా ఊరి బస్టాండు దగ్గర టీ కొట్టుకి ప్లాస్టిక్ కప్పులు వచ్చిన రోజున మా పల్లె అంతా సంతోషించింది. ఇప్పుడీ మాట చెబితే నా మనవరాలు నమ్మదు. "ప్లాస్టిక్ వస్తే సంతోషమేంటి నానమ్మా?" అంటుంది. ప్లాస్టిక్ వాడొద్దని బడిలో బొమ్మలు గీసి బహుమతులు తెచ్చుకునే పిల్ల అది. దానికి ఆ సంతోషం అర్థం కావాలంటే ముందు ఆ టీ కొట్టు గురించి చెప్పాలి.

నేను ఒంగోలులో పుట్టి పెరిగాను. ఎనభైల్లో పెళ్ళయి, ప్రత్తిపాడుకి దగ్గర్లో ఉన్న ఆ ఊరికి కోడలిగా వెళ్ళాను. ఊరికి తూర్పున, కాలవ దాటాక ఉండే క్రైస్తవుల ఇళ్ళని అందరూ పల్లె అనేవారు. మా అత్తగారి ఇల్లు అక్కడే. మా ఆయన పక్క ఊళ్ళో టీచరు. చర్చి ఆవరణలో నడిచే చిన్న బడిలో నేను టీచర్ని. అత్తమ్మ మేస్త్రి. పత్తి తీతలకీ మిరపకాయ కోతలకీ ఆడవాళ్ళ ముఠాని వెంటబెట్టుకుని పొలాలకి వెళ్ళేది. పొద్దున్నే ఆవిడ వీధిలో నిలబడి ఒక్క కేక వేస్తే చాలు, ఇళ్ళల్లోంచి క్యారియర్లు పట్టుకుని ఆడవాళ్ళు బిలబిలమంటూ బయటికొచ్చేవాళ్ళు.

టీ కొట్టు ఒక సాయిబుగారిది. మెత్తటి మనిషి. అల్లం దంచి ఆయన కాచే టీ కోసం గుంటూరు బస్సు డ్రైవర్లు కాసేపు ఎక్కువే ఆపేవారు. ఆ కొట్టులో గ్లాసులు రెండు రకాలు. బల్ల మీద వేడినీళ్ళ బేసిన్లో ఉండే గాజు గ్లాసులు ఊళ్ళోవాళ్ళకి. చూరు కింద చెక్కపలక మీద బోర్లించి ఉండే సత్తు గ్లాసులు మా పల్లెవాళ్ళకి. తాగాక మావాళ్ళే కడిగి మళ్ళీ అక్కడే బోర్లించాలి. ఆ చుట్టుపక్కల చాలా కొట్లలో ఇదే పద్ధతి. ఒంగోలు నుంచి కొత్తగా వచ్చిన నేను ఒకసారి తెలియక బేసిన్లో గ్లాసు మీద చెయ్యి వేయబోతే, మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. ఆ తర్వాత చాలాకాలం నేనక్కడ టీ తాగలేదు.

అలాంటి కొట్టులోకి ఆ దశాబ్దం చివర్లో కప్పులు వచ్చాయి. పల్చటి తెల్లటి ప్లాస్టిక్ కప్పులు. పట్టుకుంటే వేళ్ళు కాలేవి, కాస్త గట్టిగా నొక్కితే టీ ఒలికిపోయేది. అయితేనేం, ఆసామికీ అదే కప్పు, కూలికి వెళ్ళేవాళ్ళకీ అదే కప్పు. తాగి పారేయడమే. మా వీధి చివరింట్లోకి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది, ముఠాలో అందరికంటే చురుకైన పిల్ల. మొదటిరోజు తాను తాగిన కప్పుని పారేయకుండా ఇంటికి తెచ్చి, కడిగి, నాకు చూపించింది.

"చూడక్కా, ఆసామి తాగింది గూడా ఇట్టాంటి దాంట్లోనే!"

ఆ కప్పు చాలా రోజులు వాళ్ళ గూట్లో అద్దం పక్కన ఉంది.

నాకూ ప్లాస్టిక్ అంటే మోజే. నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు, వైరు బుట్ట నా సారెతో పాటు వచ్చాయి. గుంటూరులో బట్టలు కొంటే ఇచ్చే కవర్లని ఉతికి, దండెం మీద ఆరేసి, మడతపెట్టి పరుపు కింద దాచేదాన్ని. ఎవరైనా ఊరెళుతుంటే, "అక్కా, మంచి కవరుంటే ఇయ్యవా?" అని వచ్చి అడిగేవాళ్ళు. కవరు చిరిగేదాకా ఊళ్ళు తిరిగి మళ్ళీ మా ఇంటికి చేరేది.

టీ కప్పులకి ఆ మర్యాద దొరకలేదు. ఒకసారి వాడాక వాటిని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. మాఘమాసం దాటి పడమటి గాలి మొదలయ్యేసరికి, బస్టాండు దగ్గర పారేసినవన్నీ లేచి కాలవ దాటి మా వైపే వచ్చేవి. పత్తి మోళ్ళకి గుచ్చుకుని, కంపచెట్లకి వేలాడుతూ, దూరం నుంచి చూస్తే ఏరకుండా వదిలేసిన పత్తిలా కనపడేవి.

మిరపకాయలు ఆరబోసే కళ్ళాలు మా పల్లెని ఆనుకునే ఉండేవి. ఆ రోజుల్లో కళ్ళం అంటే ఎర్రటి తివాచీ పరిచినట్టుండేది. ఘాటుకి చిన్నపిల్లలు తుమ్ముకుంటూ పరుగెత్తేవాళ్ళు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరేవాళ్ళు. తాలుకాయంటే రంగు పోయి తెల్లబడిన కాయ. అది మంచి కాయలో కలిస్తే ధర పడిపోతుంది. మధ్యాహ్నం పూట ఆసామి సాయిబుగారి కొట్టు నుంచి క్యాన్లో టీ, దాంతో పాటు కప్పుల దొంతర తెప్పించేవాడు. అంతకుముందు ఎవరి గ్లాసు వాళ్ళు క్యారియర్లో తెచ్చుకునేవాళ్ళు. కప్పులొచ్చాక ఆ మోత తప్పిందని మావాళ్ళు, తన ఇంట్లో గ్లాసులు బయటికి తీయనక్కర్లేదని ఆసామి, ఎవరి మటుకు వాళ్ళు సంబరపడ్డారు.

ఒకరోజు ఆ ఆసామి గుంటూరు నుంచి అమ్ముడుపోని మిరపకాయల బస్తాలతోనే తిరిగొచ్చాడు. బండి దిగకుండానే అరుపు మొదలుపెట్టాడు. శనివారం కావడంతో నేనూ ఆ రోజు కళ్ళం దగ్గరే ఉన్నాను.

"ఏమే మేస్త్రీ, కళ్ళు మూసుకుని ఏరారా? బస్తా ఇప్పి పోస్తే కప్పు ముక్కలు రాలినయ్. కొనేవాడు నలుగుర్నీ పిలిచి చూపించాడు. నా పరువు పోయింది గుంటూర్లో!"

అత్తమ్మ లేచి నిలబడింది. "కప్పులు తెప్పించింది మీరే గదయ్యా."

"తాగినాక యాడ పారెయ్యాలో తెలవదా మీకు?"

"యాడ పారేసినా గాలికి ఆగుద్దా అయ్యా? అటు చూడండి."

ఆవిడ చూపించిన వైపు కంచె నిండా కప్పులు, కవర్లు రెపరెపలాడుతున్నాయి. ఆసామి చూశాడు కానీ ఆ మాట ఒప్పుకోలేదు. బస్తాలన్నీ మళ్ళీ పోసి ఏరాల్సిందేనన్నాడు. పోశాం. నేనూ కూర్చున్నాను. అప్పుడు తెలిసింది నాకు, చిరిగిన కప్పు ముక్క మిరపకాయల్లో పడితే అచ్చం తాలుకాయలాగే ఉంటుందని. తాలుకాయనుకుని తీస్తే ప్లాస్టిక్, ప్లాస్టిక్ అనుకుని తీస్తే తాలుకాయ. సాయంత్రానికి నా అరచేతులు మండిపోయాయి. అత్తమ్మ ఆముదం రాసి, తన చేతులకీ రాసుకుని, అరుగు మీద కూర్చుంది.

అన్నాలయ్యాక నాతో అంది. "అమ్మాయ్, వాడన్న మాటకి కాదు నా బాధ. మన చేత్తో ఏరిన సరుకు వెనక్కి రావటం నేనెరగను."

బుధవారం స్త్రీల సమాజం కూడిక చర్చిలో జరిగింది. ప్రార్థన అయ్యాక అత్తమ్మ లేచి, రేపటి నుంచి కళ్ళంలోకి కప్పులు రాకూడదు, ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకోవాలి అని చెప్పింది. చాలామంది తలూపారు. వీధి చివరింటి అమ్మాయి మాత్రం ఊపలేదు.

"పెద్దమ్మా, ఒక మాట అడుగుతా, ఏమనుకోబాక. కళ్ళంలో ఆపుతావు సరే. రేపు సాయిబు కొట్లో గూడా ఆపమంటావు. ఆ కప్పులు పోతే మనకి మళ్ళీ ఆ సత్తు గ్లాసులే గదా? నాకు కప్పే బాగుంది. గాలికి ఎగిరితే ఎగరనీ."

ఆ పిల్ల అన్న మాట అందరి మనసుల్లోనూ ఉందని వాళ్ళ ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. నా మనసులో కూడా ఉంది. అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నిజమేనే," అంది. "ఆ సంగతి నాకు తట్టలా. అయితే కప్పూ వద్దు, సత్తు గ్లాసూ వద్దు. రెండూ పోవాల. ముందు మన పనులకి మన గ్లాసులు చేసుకుందాం. సాయిబు దగ్గరికి తర్వాత పోదాం, నువ్వు గూడా రా."

అలా మొదలైంది. చందా అనకుండా, ఇంటికొక స్టీలు గ్లాసు అడగాలనుకున్నారు. నా పెళ్ళికి మా అమ్మ నా పేరు కొట్టించి ఇచ్చిన గ్లాసుల సెట్టుని మొత్తం ఇస్తానని నేను ముందుకెళ్ళాను. అత్తమ్మ వద్దంది.

"నీ పేరున్నయి పెడితే నీ సొమ్ములో తాగినట్టుంటది. పేరు లేనిది ఒకటియ్యి చాలు."

ఇళ్ళకి వెళ్ళి అడుగుతుంటే చూడాలి ఆ గ్లాసులు! పొడుగువి, పొట్టివి, అంచు వంగినవి, అడుగు సొట్టపోయినవి. ఒకావిడ చనిపోయిన భర్త గ్లాసు తెచ్చి, "ఈయన టీ అంటే పడి చచ్చేవాడు, అందరిలో ఉండనీయమ్మా" అని అత్తమ్మ చేతిలో పెట్టింది. వీధి చివరింటి అమ్మాయి మొదట ఇవ్వలేదు. సగం పల్లె అయ్యాక తనే మా ఇంటికొచ్చి, కొత్త గ్లాసు గడప మీద పెట్టి వెళ్ళిపోయింది.

పెళ్ళిళ్ళలో కలిసిపోకుండా గుర్తు ఉండాలని అన్నిటినీ గోతంలో వేసుకుని అత్తమ్మా నేనూ ప్రత్తిపాడు సంతకి వెళ్ళాం. గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు ఉలి చేతిలోకి తీసుకుని, "ఏం పేరు కొట్టమంటారు?" అన్నాడు.

"పేరొద్దు నాయనా. మిరపకాయ బొమ్మ కొట్టు."

"మిరపకాయా?" అని వాడు పగలబడి నవ్వాడు. ఎప్పుడూ కొట్టని బొమ్మ కదా, మొదటి గ్లాసుల మీద కొన్ని కాయలు చేపల్లా వచ్చాయి. పోనుపోను చెయ్యి తిరిగి, తొడిమె కూడా చక్కగా చెక్కాడు. ఆదివారం బడి పిల్లల పుస్తకాలు పెట్టుకునే పాత ట్రంకు పెట్టెని పాస్టరుగారు గ్లాసులకి ఇచ్చారు.

కళ్ళానికి రోజూ ఒక బుట్ట గ్లాసులు వెళ్ళేవి. సాయంత్రం కంచెకి వేలాడే కవర్లు, కప్పులు ఏరి గోతానికెత్తడం కూడా పనిలో కలిసింది. ఆసామి ఏమీ అనలేదు. తర్వాత సరుకు గుంటూరు వెళ్ళి తిరిగి రాలేదు, అదే ఆయన మెచ్చుకోలు అనుకున్నాం.

ఆ వేసవిలో పల్లెలో ఒక పెళ్ళి జరిగింది. మగపెళ్ళివారు కనిగిరి నుంచి వచ్చారు. ఎండన పడి వచ్చినవాళ్ళకి ముందు మంచినీళ్ళిచ్చాం. వరసలో ఒక్క గ్లాసు ఇంకో గ్లాసులా లేదు. ఒక పెద్దాయన తన గ్లాసునీ పక్కవాడి గ్లాసునీ పక్కపక్కన పెట్టి చూసి, "ఏందమ్మా, ఊళ్ళో గ్లాసులన్నీ దోచుకొచ్చారా?" అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు. పెళ్ళికూతురి తండ్రి ముఖం మాత్రం చిన్నబోయింది. పెళ్ళికి కొత్త కప్పులు కూడా తేలేదని వియ్యాలవారు అనుకుంటారేమోనని ఆయన భయం. అత్తమ్మ వెళ్ళి సంగతంతా చెప్పింది. ఆ పెద్దాయన విని, "బాగానే ఉందిగానీ తల్లీ, మా వైపు తాగటానికే నీళ్ళుండవు. ఇన్ని గ్లాసులు ఏం పెట్టి కడుగుతాం?" అన్నాడు. అత్తమ్మ బూడిదతో తోమి గుడ్డతో తుడవొచ్చులే అని ఏదో అంది కానీ, ఆ మాట ఆవిడకే నచ్చలేదు. అందరికీ అన్నీ ఒకేలా కుదరవని ఆ పెళ్ళిలో తెలుసుకున్నాం. వాళ్ళు వెళుతూ వెళుతూ ఒక మిరపకాయ గ్లాసు అడిగి తీసుకెళ్ళారు.

సాయిబుగారి దగ్గరికి వెళ్ళడానికి అత్తమ్మ తొందరపడలేదు. మళ్ళీ పత్తి తీతలు మొదలై, పొలాలకి టీ క్యాన్లు వెళ్ళే రోజులు వచ్చాక బయలుదేరింది. మధ్యాహ్నం, కొట్టులో జనం లేని వేళ. అత్తమ్మ, వీధి చివరింటి అమ్మాయి, నేను.

"అన్నా, నీతో ఒక మాట," అంది అత్తమ్మ.

ఆయన స్టవ్వు తగ్గించి వచ్చాడు. "చెప్పమ్మా."

"ఈ కప్పులు తీసెయ్యన్నా. మా కళ్ళాల నిండా ఇవే."

"నాకు మాత్రం సరదానా అమ్మా? రోజూ సాయంత్రం ఎనకమాల పోగేసి కాలిస్తే ఆ పొగకి మా ఇంటిదానికి ఒకటే దగ్గు. తీసేస్తా. ఎప్పట్లాగే గ్లాసులు పెడతా."

"ఎప్పట్లాగా అంటే?" అంది వీధి చివరింటి అమ్మాయి.

సాయిబుగారు చూరు కింద చెక్కపలక వైపు చూశాడు. సత్తు గ్లాసులు ఇంకా అక్కడే ఉన్నాయి, దుమ్ము కొట్టుకుని. ఆయన గొంతు తగ్గింది.

"నా చేతుల్లో ఏముందమ్మా? నేను పెట్టిన పద్ధతి కాదు. మా నాన్న నాటి నించీ ఉంది. ఒకే బేసిన్లో పెడితే ఊళ్ళోవాళ్ళు మెట్టెక్కరు. నా పొయ్యి ఆరిపోద్ది."

"మేం గూడా ఎక్కేవాళ్ళమేగా అన్నా," అంది అత్తమ్మ. గొంతు పెంచలేదు. "పొలాలకి పోయే క్యాన్లు ఎవరు తాగుతున్నారు? మా ముఠాలు. నీ పొయ్యి ఆరాలని మాకేం లేదు. ఒకే బేసిన్లో గ్లాసులు పెడితే నీ టీయే తాగుతాం. లేకపోతే పొలం గట్టు మీద మేమే కాచుకుంటాం."

ఆయన మా ముగ్గురికీ టీ పోశాడు. ప్లాస్టిక్ కప్పుల్లోనే. డబ్బులు తీసుకోలేదు. "ఇంట్లో మాట్లాడి చెప్తానమ్మా," అన్నాడు.

దారిలో ఆ అమ్మాయి, "ఇంక చెప్పడు," అంది. నేనూ అదే అనుకున్నాను. కొన్ని వారాలు ఏమీ జరగలేదు. ముఠా పొలం గట్టున మూడు రాళ్ళు పెట్టి టీ కాచుకోవడం మొదలుపెట్టింది. అది పొగ వాసన వేసేది. అయినా అందరూ లొట్టలేసుకుంటూ తాగేవాళ్ళు.

ఒక పొద్దున నేను గుంటూరు వెళ్ళడానికి బస్టాండుకి వెళ్ళేసరికి, చెక్కపలక లేదు. చూరు కింద గోడ మీద అది ఉన్న మచ్చ మాత్రం కనపడుతోంది. బల్ల మీద పెద్ద కొత్త బేసిన్, పొగలు కక్కే నీళ్ళు, నిండా గాజు గ్లాసులు. సాయిబుగారు నన్ను చూసి, "టీచరమ్మా, టీ తాగి పోండి," అన్నాడు. గ్లాసు పట్టుకుని అక్కడే బల్ల మీద కూర్చుని తాగాను. ఆ టీ రుచి ఇప్పుడు గుర్తులేదు కానీ, గాజు వేడి వేళ్ళకి తగలడం గుర్తుంది.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఊళ్ళోవాళ్ళు చాలామంది రావడం మానేశారు. కొందరు ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకుని పోయించుకునేవారు. ఎవరో ఒకరోజు కొట్టు ముందు నిలబడి సాయిబుగారిని నానా మాటలూ అన్నారు. ఆయన తలొంచుకుని టీ కాచుకుంటూనే ఉన్నాడు. అత్తమ్మ ముఠాతో పాటు మిగతా ముఠాలని కూడా పిలిచి, వీలున్నవాళ్ళందరూ పొద్దున్నే అక్కడే తాగి పొలాలకి వెళ్ళేలా చూసింది. కొట్టు నిలబడింది.

మా ఆసామి సంగతి నేనే చూశాను. గుంటూరు బస్సు దిగాడు, బాగా అలిసిపోయి ఉన్నాడు. కొట్టు ముందు నిలబడి బేసిన్ వైపు చూస్తున్నాడు. సాయిబుగారు ఏమీ అడగకుండా ఒక గ్లాసు తీసి టీ పోసి చాపాడు. ఆసామి అందుకున్నాడు. కూర్చోలేదు, అటు తిరిగి నిలబడే తాగి, గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాడు. తర్వాతెప్పుడో బల్ల మీద కూర్చుని పేపరు చదువుతూ తాగుతుంటే చూశాను. ఇంటికెళ్ళి అత్తమ్మకి చెబితే, ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "ఆయనకి చక్కెర ఎక్కువ కావాల, సాయిబు ఏశాడో లేదో," అంది. అంతే. కానీ ఆ సాయంత్రం అంతా హుషారుగా కీర్తనలు పాడుకుంటూ తిరిగింది.

కొన్నేళ్ళకి మా ఆయనకి ఒంగోలు బదిలీ అయింది. అత్తమ్మ మాతో రానంది. ఆఖరి దాకా ముఠాతోనే తిరిగింది. ఆవిడ పోయాక మేస్త్రి పని వీధి చివరింటి అమ్మాయి తీసుకుంది. ఆ తర్వాత నీళ్ళ ప్యాకెట్లు వచ్చాయి, థర్మోకోల్ ప్లేట్లు వచ్చాయి, ట్రంకు పెట్టె చాలా ఏళ్ళు తెరవకుండానే ఉందని విన్నాను. ఇన్నాళ్ళూ నిలబడిన పని అని గొప్పలు చెప్పుకోలేను.

ఈమధ్య ఆ పల్లెలో పెళ్ళికి వెళ్ళాను. వంటల కాంట్రాక్టరు వ్యాను దగ్గర ఒక ముసలావిడ నడుం మీద చేతులేసుకుని అరుస్తోంది. "ఆ కప్పుల అట్టపెట్టె దించబాకు నాయనా. దించితే నువ్వే ఏరుకుని పోవాల, ముందే చెప్తన్నా!" గొంతు వినగానే గుర్తుపట్టాను, మా వీధి చివరింటి అమ్మాయి. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి పరుగులాంటి నడకతో వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, వచ్చావా! కూర్చోబాక, పని ఉంది," అని నన్ను నేరుగా బోరింగు దగ్గరికి లాక్కెళ్ళింది. నలుగురు ఆడవాళ్ళు ఆ పాత ట్రంకు పెట్టెలోంచి తీసిన మిరపకాయ గ్లాసులు తోముతున్నారు. పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని నేనూ వాళ్ళ మధ్య పీట వేసుకున్నాను. కాసేపటికి మా ఆయన వచ్చి, భోజనాలకి పిలుస్తున్నారని చెప్పి, మా వాలకం చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ రోజు మేం భోజనానికి లేచేసరికి పెళ్ళివారి రెండో బంతి కూడా అయిపోయింది.